శేషాచలం చెట్ల నుంచి అంటార్కిటికా మంచు దాకా: లేజర్ కొలతలను చదివే పద్ధతి

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. జపాన్ సహకారంతో 1998లో అక్కడ ఏర్పాటైన లైడార్ మబ్బు లేని రాత్రుల్లో ఆకాశంలోకి ఆకుపచ్చ కాంతిని పంపి, పైన గాలిలో ఏముందో తిరిగి వచ్చిన వెలుగును బట్టి లెక్కిస్తుంది. ఆ కాంతి తరంగదైర్ఘ్యం 532 నానోమీటర్లు. 2018 సెప్టెంబరు 15న నాసా ప్రయోగించిన ఐస్‌శాట్ 2 ఉపగ్రహం దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తు నుంచి కిందికి పంపేదీ సరిగ్గా ఆ రంగు కాంతే. గాదంకి లేజర్ పైకి చూసి గాలిని చదువుతుంది, ఉపగ్రహపు లేజర్ కిందికి చూసి నేలను, చెట్లను, మంచును చదువుతుంది.

రిమోట్ సెన్సింగ్‌ను పాఠంగా చదువుకున్నా లేజర్ డేటాను ఎన్నడూ స్వయంగా తెరిచి చూడని విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శి రాస్తున్నాను. ఒక ల్యాప్‌టాప్, ఓ మోస్తరు ఇంటర్నెట్, పైథాన్‌తో కొద్దిపాటి పరిచయం ఉంటే చాలు. పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో నాటుకోవాలి. చెట్టు ఎత్తునైనా, మంచు తరుగుదలనైనా లేజర్ నేరుగా కొలవదు. రెండు ఎత్తులు తీసుకుని ఒకదానిలోంచి మరొకదాన్ని తీసివేస్తే మనకు కావలసిన సంఖ్య వస్తుంది. ఆ రెంటిలో పై ఎత్తు చాలావరకు సులువుగానే దొరుకుతుంది, శ్రమంతా కింది ఎత్తు దగ్గరే ఉంటుంది. అడవిలో ఆ కింది ఎత్తు ఆకుల చాటున దాగిన నేల, మంచు ఫలకం మీద పోయిన ఏడాది ఇదే చోట ఉన్న ఉపరితలం, ధ్రువ సముద్రంలో మంచు పగుళ్ల మధ్య కనిపించే నీటిమట్టం.

మొదటి మెట్టు: కాలాన్ని ఎత్తుగా మార్చడం

లేజర్ యంత్రం నిజంగా కొలిచేది కాలాన్ని మాత్రమే. పల్స్, అంటే క్షణకాలపు లేజర్ మెరుపు, బయలుదేరిన క్షణానికీ తిరిగి వచ్చిన క్షణానికీ మధ్య వ్యవధిని కాంతి వేగంతో గుణించి, రానుపోను దారి కనుక రెండుతో భాగిస్తారు. ఒక నానోసెకను తేడా వస్తే దూరంలో 15 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఐస్‌శాట్ 2 నుంచి నేలకు వెళ్లి రావడానికి కాంతికి పట్టేది సుమారు 3.3 మిల్లీసెకన్లు, ఆలోపు సెకనుకు 7 కిలోమీటర్ల వేగంతో ఉపగ్రహం 23 మీటర్లు ముందుకు జరిగిపోతుంది. కాబట్టి ఉపగ్రహం ఎక్కడుందో, ఏ కోణంలో చూస్తోందో కచ్చితంగా తెలియకపోతే ఎంత మంచి గడియారం ఉన్నా ప్రయోజనం లేదు. ఆ లెక్కలన్నీ డేటా మన చేతికి వచ్చేసరికే పూర్తయి ఉంటాయి. ఈ విద్య మన జిల్లాకు కొత్తదేమీ కాదు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి 2008 అక్టోబరు 22న బయలుదేరిన చంద్రయాన్ 1 కూడా చంద్రుడి కొండల ఎత్తు కొలిచే లేజర్ పరికరాన్ని తీసుకువెళ్లింది.

రెండవ మెట్టు: పనికి తగిన కన్నును ఎంచుకోవడం

అడవి కోసం చూడవలసిన మొదటి పరికరం జెడై. 2018 డిసెంబరు 5న బయలుదేరి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరిన ఈ పరికరం 1064 నానోమీటర్ల పరారుణ కాంతిని వాడుతుంది. ఆకులు ఆకుపచ్చ కాంతి కంటే ఈ కాంతిని ఎన్నో రెట్లు ఎక్కువగా వెనక్కి పంపుతాయి కనుక అడవికి ఇది సరైన ఎంపిక. నేల మీద పడే ఒక్కొక్క వెలుగు మచ్చ 25 మీటర్ల వ్యాసంతో ఉంటుంది. ఒకే బాటలో మచ్చకూ మచ్చకూ 60 మీటర్లు, పక్క బాటకు 600 మీటర్లు దూరం. ఆ మచ్చలోని చెట్టు కొన నుంచి నేల దాకా తిరిగి వచ్చిన వెలుగంతా ఒక గీతగా నమోదవుతుంది, దాన్నే తరంగరూపం అంటారు. అంతరిక్ష కేంద్రం తిరిగే దారిని బట్టి ఇది ఉత్తర, దక్షిణాల్లో 51.6 డిగ్రీల అక్షాంశం దాటి చూడలేదు కనుక ధ్రువ మంచుకు పనికిరాదు.

ఐస్‌శాట్ 2 తీరు వేరు. అది సెకనుకు 10,000 పల్స్‌లు పంపుతుంది కనుక నేల మీద ప్రతి 70 సెంటీమీటర్లకూ ఒక కొలత పడుతుంది, మచ్చ వ్యాసం 11 మీటర్ల పైచిలుకు. ఒక్కో పల్స్‌లో లక్షల కోట్ల ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, బయలుదేరితే తిరిగి దూరదర్శినికి చేరేవి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. అందుకే ఇక్కడ తరంగరూపం ఉండదు, ఒక్కొక్క ఫోటాన్ ఒక్కొక్క చుక్కగా నమోదవుతుంది. ఆరు కిరణాలు మూడు జతలుగా వెళతాయి. జతకూ జతకూ మధ్య 3.3 కిలోమీటర్లు, జతలోని రెండు కిరణాల మధ్య 90 మీటర్లు ఎడం ఉంటుంది, వాటిలో ఒకటి బలమైనది, రెండవది దానిలో నాలుగోవంతు శక్తి గలది. 88 డిగ్రీల అక్షాంశం దాకా చూడగలదు కనుక మంచుకు ఇదే ఆధారం. దాని దారులు ధ్రువాల దగ్గర ఒత్తుగా కలుస్తాయి, భూమధ్యరేఖ దగ్గర మాత్రం ఒకే దిశలో వెళ్లే రెండు పక్కపక్క దారుల మధ్య దాదాపు 29 కిలోమీటర్లు ఎడం ఉంటుంది. మన కొండలకు జెడైను ప్రధానంగా, ఐస్‌శాట్ 2ను సరిచూసుకోవడానికి వాడుకోమని నా సలహా.

మూడవ మెట్టు: ఫైళ్లు దించుకోవడం

నాసా ఎర్త్‌డేటా ఖాతా ఉచితం. అందులో ప్రాంతాన్ని గీసి, తేదీలు ఇచ్చి ఫైళ్లు దించుకోవచ్చు. మొదటిసారి చేసేవారు శేషాచలం మొత్తం మీద పెట్టె గీసి, రాత్రంతా ఫైళ్లు దిగుతూ ఉంటే చూస్తూ కూర్చుంటారు. అలా కాక తలకోన లోయ చుట్టూ పది కిలోమీటర్ల పెట్టె గీసుకుని మొదలుపెట్టండి. జెడైలో మీకు కావలసింది ఎల్ 2ఏ అనే ఫైలు, నేల ఎత్తు, చెట్ల ఎత్తు అందులో ఉంటాయి. ఐస్‌శాట్ 2లో అడవికి ఏటీఎల్ 08, మంచు ఫలకాలకు ఏటీఎల్ 06, సముద్రపు మంచుకు ఏటీఎల్ 10, వీటన్నిటికీ మూలమైన ఫోటాన్లకు ఏటీఎల్ 03. దించుకోకముందే బొమ్మ చూడాలనుకుంటే ఓపెన్ ఆల్టిమెట్రీ అనే వెబ్‌సైటు ఉంది, పైథాన్‌లో పని చేసేవారికి ఐస్‌పిక్స్, స్లైడ్‌రూల్ అనే సాధనాలు ఉన్నాయి.

తేదీల ఎంపిక మన దగ్గర తేలిక కాదు. లేజర్ మబ్బును చీల్చుకుని రాలేదు, ఈశాన్య రుతుపవనాల నెలల్లో మనకు మబ్బు ఎక్కువ. పైగా ఇక్కడిది ఆకు రాల్చే అడవి. ఎర్రచందనం ఎండలు ముదరకముందే ఆకు రాలుస్తుంది, చిరుమాను కూడా మోడువారుతుంది. ఆకు నిండుగా ఉంటే చెట్టు కొన చక్కగా దొరుకుతుంది, నేల చాటవుతుంది. ఆకు రాలాక నేల తేటగా కనిపిస్తుంది, కొన మాత్రం ఉన్నదాని కంటే తక్కువగా చదవబడుతుంది. ఎత్తు కావాలంటే డిసెంబరు చివర, జనవరి నెలల కొలతలు తీసుకుని, అవి చూపే నేల ఎత్తు నమ్మదగినదో కాదో మార్చి, ఏప్రిల్ కొలతల్లో దగ్గరి మచ్చలతో పోల్చి తేల్చుకోవడం మంచిది. ఏ నెలదో చూడకుండా అన్నిటినీ కలిపి సగటు తీస్తే ఆ సంఖ్య ఏ కాలపు అడవిదీ కాదు.

నాలుగవ మెట్టు: చెత్తను ఏరివేయడం

జెడై ఫైలులో క్వాలిటీ ఫ్లాగ్ (కొలత నాణ్యత గుర్తు) 1, డిగ్రేడ్ ఫ్లాగ్ (స్థానం నమ్మదగనిదని చెప్పే గుర్తు) 0, సెన్సిటివిటీ (దట్టమైన ఆకుల గుండా నేలను పట్టగల శక్తి) 0.95 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న మచ్చలను మాత్రమే ఉంచుకోండి. ఎనిమిది కిరణాల్లో నాలుగు పూర్తి శక్తి గలవి, దట్టమైన చోట వాటినే నమ్మండి. ఐస్‌శాట్ 2లో ఏది బలమైన కిరణమో పేరును బట్టి తెలియదు. ఉపగ్రహం అప్పుడప్పుడూ వెనక్కి తిరుగుతుంది కనుక ముందుగా ఎస్‌సీ ఓరియంట్ అనే విలువ చూడాలి. అది 1 అయితే కుడివైపు కిరణాలు బలమైనవి, 0 అయితే ఎడమవైపువి. దీన్ని చూడకుండా కుడి కిరణాలనే బలమైనవిగా అనుకుని నెల రోజుల పని తిరగరాసుకున్నవారిని నేనెరుగుదును. అడవికి వీలైనంతవరకు రాత్రి కొలతలనే వాడండి, పగటి ఎండ నుంచి వచ్చే దారితప్పిన ఫోటాన్లు చుక్కల మధ్య దుమ్ములా పరుచుకుని అసలు గీతను కప్పేస్తాయి.

ఇక్కడే మరో మడత పేచీ ఉంది. ఈ రెండు పరికరాలూ ఇచ్చే నేల ఎత్తులు సముద్రమట్టం నుంచి కావు, భూమి ఆకారానికి వాడే డబ్ల్యూజీఎస్ 84 అనే గణిత రూపం నుంచి. భూగోళం మీద గురుత్వ మట్టం (సగటు సముద్రమట్టానికి సరిపోయే ఈ మట్టాన్నే జియాయిడ్ అంటారు) అన్నిటికంటే లోతుగా కుంగిన చోటు శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉంది, ఆ పల్లం అంచు మన దాకా వస్తుంది. అందువల్ల తిరుపతి దగ్గర లేజర్ చూపే ఎత్తు సముద్రమట్టపు ఎత్తు కంటే 80 మీటర్లకు పైగా తక్కువగా ఉంటుంది. ఇస్రో వారి భువన్ పోర్టల్ ఎత్తుల పటంతోనో, సర్వే పటంతోనో పోల్చే ముందు రెండూ ఏ మట్టం నుంచి కొలిచినవో చూసి, అవసరమైతే జియాయిడ్ సవరణ చేయాలి. చెట్టు ఎత్తు తీసివేత కనుక దానికి ఈ బెడద లేదు.

అయిదవ మెట్టు: నేల ఎక్కడుందో తేల్చడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇవ్వవలసింది దీనికే. జెడై తరంగరూపంలో అట్టడుగు శిఖరాన్ని నేలగా తీసుకుని, తిరిగి వచ్చిన వెలుగు శక్తిని కింది నుంచి కూడుకుంటూ పోతే 98 శాతం ఏ ఎత్తుకు చేరుతుందో, నేల నుంచి ఆ ఎత్తును ఆర్‌హెచ్ 98 (సాపేక్ష ఎత్తు) అంటారు. చెట్ల ఎత్తుగా దీన్నే వాడతారు. ఆర్‌హెచ్ 5, ఆర్‌హెచ్ 10 వంటివి రుణ సంఖ్యలుగా కనబడితే కంగారు పడవద్దు, నేల శిఖరం నడిబొడ్డును సున్నాగా పెట్టుకున్నారు కనుక దానిలో సగం శక్తి సున్నాకు దిగువనే ఉంటుంది. అలాగే జెడై పల్స్ పొడవు 15 నానోసెకన్ల పైచిలుకు కనుక చదునైన ఖాళీ నేల మీద కూడా రెండు మూడు మీటర్ల ఎత్తు చూపుతుంది. తుప్పల ఎత్తు కొలుద్దామనుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

అసలు కష్టం వాలుతో వస్తుంది. మోకాళ్ల పర్వతం ఎక్కినవారికి శేషాచలం వాలు ఎంతటిదో చెప్పనక్కరలేదు. నేను మొదటిసారి ఈ కొండల అంచున ఎత్తుల పటం గీసినప్పుడు, బోదగడ్డి తప్ప మరేమీ మొలవని రాతి వాలు మీద 14, 15 మీటర్ల అడవి కనిపించింది. ఆ చోటు నేను కాలినడకన చూసినదే. చాలాసేపు ప్రోగ్రాములో తప్పు వెతికాను. తప్పు ప్రోగ్రాములో లేదు. 30 డిగ్రీల వాలు మీద 25 మీటర్ల మచ్చ పడితే దాని పై అంచుకూ కింది అంచుకూ మధ్య నేల ఎత్తులోనే తేడా 25ను 30 డిగ్రీల టాంజెంట్‌తో గుణించినంత, అంటే 14.4 మీటర్లు. ఎర్రచందనం చెట్టు సాధారణంగా పది మీటర్ల అటూ ఇటూ పెరుగుతుంది. అంటే ఒక్క చెట్టూ లేని కొండ వాలు, నిండుగా పెరిగిన ఎర్రచందనపు తోపు కంటే ఎత్తైన అడవిగా కనిపిస్తుంది. చెట్లు నిజంగానే ఉన్నచోట వాలు పైభాగపు నేల నుంచి వచ్చిన వెలుగు, కిందిభాగపు చెట్ల కొనల నుంచి వచ్చిన వెలుగు కలిసిపోయి విడదీయరానివవుతాయి.

దీనికి విరుగుడు ఏమిటంటే, 30 మీటర్ల గడులుగా ఉన్న ఎత్తుల పటం నుంచి ప్రతి మచ్చకూ వాలు లెక్కించి, ఆ వాలును మచ్చ పక్కనే పట్టికలో రాసుకోవాలి. 10 డిగ్రీల లోపువాటిని నిశ్చింతగా వాడవచ్చు, 10 నుంచి 20 దాకా అనుమానంతో చూడాలి, అంతకు మించినవాటిని నేనైతే పక్కన పెడతాను. ఇవి నా అనుభవం మీద పెట్టుకున్న హద్దులు, మీ ప్రాంతాన్ని బట్టి మార్చుకోవచ్చు. నిటారు వాలుల మీద ఐస్‌శాట్ 2 కొంత మేలు, ఎందుకంటే దాని చిన్న మచ్చలో అదే 30 డిగ్రీల వాలుకు తేడా 6 మీటర్ల పైచిలుకే. ఏటీఎల్ 08లో ఫోటాన్లను నేల, చెట్టు, చెట్టు కొన, చెత్త అని నాలుగు వర్గాలుగా విడదీసి 100 మీటర్ల ముక్కలకు ఎత్తు ఇస్తారు. ఆ ఎత్తును కళ్లు మూసుకుని తీసుకోకుండా, కనీసం పది ముక్కలకైనా ఏటీఎల్ 03 చుక్కలను గీసి చూడండి. నేల గీత ఆకుల మధ్య తెగిపోయిందో, చెట్టు కొమ్మనే నేలగా పొరబడిందో కంటికి తెలిసిపోతుంది. తలకోన లోయలో గిల్లతీగ అల్లుకున్న దట్టమైన పచ్చటి పట్టీలో ఈ పొరపాటు ఎక్కువ.

ఆరవ మెట్టు: అడవిలో సరిచూసుకోవడం

అటవీశాఖ అనుమతి లేనిదే అడుగు పెట్టకూడదు. ఎర్రచందనం దొంగరవాణా వల్ల ఈ కొండల్లో నిఘా ఎక్కువ, చేతిలో టేపుతో చెట్ల చుట్టుకొలతలు తీస్తున్న మనిషిని ఎవరైనా అనుమానించడం సహజం. అనుమతి పత్రం నకలు జేబులో ఉంచుకోండి.

జెడై మచ్చ స్థానంలోనే పది మీటర్ల దాకా తేడా ఉండవచ్చు, మీ ఫోన్ జీపీఎస్‌లో మరికొంత. అందువల్ల 25 మీటర్ల వలయాన్నే పట్టుకుని కొలిస్తే పక్క చెట్లను కొలిచినట్టవుతుంది. చుట్టూ 50 మీటర్ల మేర ఒకే తీరున ఉన్న అడవిలో పడిన మచ్చలను ఎంచుకోవాలి. చెట్టు ఎత్తుకు కోణమానిని, దారం, ఒక చిన్న బరువు ఉంటే చాలు. చదునైన చోట చెట్టుకు 15 మీటర్ల దూరంలో నిలబడి చూస్తే కొన 25 డిగ్రీల కోణంలో కనిపించిందనుకోండి. 15ను 25 డిగ్రీల టాంజెంట్‌తో గుణిస్తే 7 మీటర్లు, దానికి కంటి ఎత్తు 1.5 కలిపితే 8.5. వాలు మీదైతే చెట్టు మొదలు కనిపించే కోణం కూడా కొలిచి కలపడమో తీసివేయడమో చేయాలి. చుట్టుకొలతను ఛాతీ ఎత్తున, అంటే 1.37 మీటర్ల దగ్గర తీసుకోండి. ఎత్తు, చుట్టుకొలత చేతికి వచ్చాక జీవద్రవ్యరాశి, అంటే చెట్ల మొత్తం ఎండు బరువు, లెక్క కట్టవచ్చు. జెడై ఎల్ 4ఏ ఫైలు ఆ సంఖ్యను తయారుగా ఇస్తుంది గానీ దాని పక్కనే ఉండే ప్రామాణిక దోషాన్ని చూడకుండా వాడకండి.

ఏడవ మెట్టు: మంచు ఫలకానికి మారడం

మంచు మీద చెట్లు లేవు కదా, పని సులువని అనిపిస్తుంది. ఒక్కో కొలత సులువే. కానీ అడవిలో వెతికేది మీటర్లలో తేడా అయితే ఇక్కడ వెతికేది సెంటీమీటర్లలో.

అభ్యాసానికి మన భారతి స్థావరం ఉన్న చోటు బాగుంటుంది, అది తూర్పు అంటార్కిటికాలో లార్స్‌మన్ కొండల మీద, దాదాపు 69.4 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉంది. దాని వెనుక లోపలికి సాగే మంచు మీది ఏటీఎల్ 06 ఫైళ్లు తీసుకుని, క్వాలిటీ సమ్మరీ (నాణ్యత గుర్తు) 0 ఉన్నవాటిని ఉంచండి. అందులో ప్రతి 20 మీటర్లకూ ఒక ఎత్తు ఉంటుంది. ఉపగ్రహం 91 రోజులకు ఒకసారి అదే దారికి వస్తుంది. పోలిక ఎప్పుడూ ఒకే రుతువుకు చెందిన రెండు సంవత్సరాల మధ్యే చేయాలి, లేకపోతే చలికాలపు మంచు పొరను చూసి ఫలకం పెరిగిందనుకుంటారు. గాలికి ఎగిరే మంచు రజను కూడా మోసం చేస్తుంది. దానిలో అటూ ఇటూ తగిలి ఆలస్యంగా వచ్చిన ఫోటాన్లు ఉపరితలాన్ని ఉన్నదాని కంటే కిందికి చూపుతాయి.

ఇక్కడా వాలు వదలదు. ఉపగ్రహం ఈసారి పోయినసారి కంటే 50 మీటర్లు పక్కగా వెళ్లిందనుకోండి, ఒక్క డిగ్రీ వాలు మీద కూడా 87 సెంటీమీటర్ల దొంగ తేడా వస్తుంది. 2003 నుంచి 2009 వరకు పనిచేసిన మొదటి ఐస్‌శాట్‌కు ఒకే కిరణం ఉండేది కనుక అది వాలా, కరుగుదలా అని ఒక్కసారి వెళ్లి చెప్పగలిగేది కాదు. 90 మీటర్ల ఎడంతో రెండు కిరణాలు జతగా వెళ్లడానికి కారణం ఇదే, రెంటి ఎత్తుల తేడా అడ్డవాలును చెబుతుంది. ఈ సవరణ చేసిన కాలక్రమం ఏటీఎల్ 11లో సిద్ధంగా ఉంటుంది.

ఎత్తు తగ్గుదలను బరువుగా మార్చేటప్పుడు సాంద్రత దగ్గర ఆగి ఆలోచించాలి. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మీటరు తగ్గితే, తగ్గింది గట్టి మంచైతే ఘనపు మీటరుకు 917 కిలోల చొప్పున 9.17 లక్షల టన్నులు. తగ్గింది పైనున్న గుల్ల మంచైతే, ఘనపు మీటరుకు 350 కిలోల చొప్పున 3.5 లక్షల టన్నులే. గుల్ల మంచు బరువు కోల్పోకుండా కేవలం అణగారినా ఎత్తు తగ్గుతుంది. రెండు ఐస్‌శాట్‌ల కొలతలను ఈ సవరణలతో కలిపి 2020లో వెలువడిన అధ్యయనం, 2003 నుంచి 2019 దాకా గ్రీన్‌లాండ్ ఏటా సగటున 200 గిగాటన్నులు (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు), అంటార్కిటికా 118 గిగాటన్నుల మంచు కోల్పోయాయని తేల్చింది.

ఎనిమిదవ మెట్టు: సముద్రపు మంచు మందం

తేలే మంచులో పైకి కనిపించేది కొంచెమే. పగుళ్లలోని నీటిమట్టాన్ని సున్నాగా తీసుకుని, పక్కనున్న మంచు పైభాగం ఎంత ఎత్తులో ఉందో ఏటీఎల్ 10 చెబుతుంది. ఆ ఎత్తు 30 సెంటీమీటర్లు అనుకుందాం. ఘనపు మీటరుకు కిలోల్లో సముద్రపు నీటి సాంద్రత 1024, మంచుది 915, పైన కురిసిన హిమపు పొరది 320 అనుకోండి. హిమపు పొర అసలే లేదనుకుంటే, 0.3ను 1024తో గుణించి, 1024కూ 915కూ ఉన్న తేడా అయిన 109తో భాగించాలి, మందం 2.8 మీటర్లు వస్తుంది. అదే 30 సెంటీమీటర్లలో 20 హిమపు పొరే అయితే, 0.2ను 1024కూ 320కూ ఉన్న తేడా 704తో గుణించి వచ్చే 140.8ని, 307.2 నుంచి ముందుగా తీసివేసి భాగించాలి. ఇప్పుడు మందం 1.5 మీటర్లు. లేజర్ కొలత ఒక్క మిల్లీమీటరు కూడా మారకుండానే మంచు మందం దాదాపు సగానికి పడిపోయింది. కాబట్టి మీ పట్టికలో మందం గడి పక్కనే, హిమపు పొర ఎంత లోతు అనుకుని లెక్క కట్టారో, ఆ లోతు ఎక్కడి నుంచి తీసుకున్నారో రాయడానికి మరో రెండు గడులు ఉంచండి.